ఆరో సెమిస్టరు అడవిలో: ఎక్కడ చేరాలి, ఏం పని నేర్చుకోవాలి?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గర ఒక ఊరు. బీఎస్సీ జువాలజీ ఐదో సెమిస్టరులో ఉన్నాను. కన్జర్వేషన్ బయాలజీలో పీజీ చేయాలని ఉంది. పాఠాలతోపాటు ఫీల్డు పని కూడా గట్టిగా చేయించే కోర్సులు మన దేశంలో ఎక్కడున్నాయి? ఆరో సెమిస్టరు ఇంటర్న్‌షిప్ కూడా అడవిలోనే చేయాలనుకుంటున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరు ‘పులుల మీద 15 రోజుల రీసెర్చ్ ఇంటర్న్‌షిప్, 45 వేలు’ అంటున్నారు. కట్టవచ్చా? ఇంగ్లండులో ఉన్న మా పెదనాన్న కొడుకు అక్కడికి రమ్మంటున్నాడు, కోర్సులోనే ఏడాది పని ఉంటుందట. నాన్నేమో అడవి ఉద్యోగాలు ఆడపిల్లలకు కుదరవంటున్నారు.
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ 45 వేలు కట్టకండి. అభయారణ్యంలో గానీ టైగర్ రిజర్వులో గానీ పరిశోధన చేయాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. అది ఫలానా పనికి, ఫలానా తేదీలకు ఇచ్చే అనుమతి. కాబట్టి వాళ్లను రెండు మాటలు అడిగి చూడండి: ‘అనుమతి ఉత్తర్వు కాపీ చూపిస్తారా? పని చేసేవాళ్ల జాబితాలో నా పేరు చేరుస్తారా?’ నసిగారంటే సంగతి అర్థమైనట్టే. ఇలాంటి చోట్ల సాధారణంగా జరిగేది జీపు సఫారీ, నాలుగు పవర్‌పాయింట్లు, అడుగుజాడలో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పోయించడం, చివర్లో రంగురంగుల సర్టిఫికెట్. అడుగుజాడలతో పులుల్ని లెక్కపెట్టే పద్ధతిని దేశం 2006 లెక్కలతోనే వదిలేసింది. మంచి సంస్థలు కూడా కొన్ని తిండికి, బసకు రోజుకింతని తీసుకుంటాయి, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కాకపోతే అవి ముందు మీ రెజ్యూమె అడుగుతాయి, మీ పని ఎవరు చూస్తారో చెబుతాయి. ‘ఇంకా రెండే సీట్లు’ అని రోజూ మెసేజీలు పెట్టవు.

అసలు మీకు అంత దూరం ఎందుకు? దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు నాగార్జునసాగర్–శ్రీశైలం, దాని డివిజన్ ఆఫీసు ఒకటి మీ ఆత్మకూరులోనే ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో ప్రకటించిన రోళ్లపాడు అభయారణ్యం కూడా మీ జిల్లాలోదే. ఆ పక్షి ఇప్పుడు కనబడకపోయినా కృష్ణజింకలు, చలికాలంలో వచ్చే హారియర్ గద్దలు ఉంటాయి. పైగా గడ్డిమైదానం. చెట్లు అడ్డం లేవు కాబట్టి లెక్కపెట్టడం నేర్చుకునేవాళ్లకు దాన్ని మించిన చోటు లేదు. మన రాష్ట్రంలో డిగ్రీకి ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి. చాలామంది ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి చేశామనిపించి మార్కులు తెచ్చుకుంటున్నారు. మీ ఆరో సెమిస్టరు డిసెంబరు–ఏప్రిల్ మధ్య పడుతుంది గనక, ఆకు రాలి అడవి పలచబడే అసలైన ఫీల్డు కాలం మీ చేతికి దొరికినట్టే. దాన్ని వృథా చేసుకోకండి.

ఈ రంగంలో ఎమ్మెస్సీ ఇంటర్వ్యూకి వెళ్లినా, ప్రాజెక్టు ఉద్యోగానికి వెళ్లినా సర్టిఫికెట్ గురించి అడిగేవాళ్లు తక్కువ. ‘ఏ ప్రశ్నతో వెళ్లావు, ఎన్నిసార్లు లెక్కపెట్టావు, అన్నిసార్లే ఎందుకు, లెక్క ఎక్కడ తప్పి ఉండొచ్చు’ అని తవ్వుతారు. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగే చిన్న పని ఒక్కటి మీ చేతిలో ఉంటే చాలు.

పులి మీద మాత్రం పెట్టుకోకండి. పులుల లెక్కకు అడవిని 2 చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, గడికో జత కెమెరాలు పెడతారు. కుడి పక్క చారలు ఎడమ పక్క చారలతో కలవవు కాబట్టి దారికి రెండువైపులా కెమెరా ఉండాలి. ఒక విద్యార్థి బడ్జెట్టుకు అందే పని కాదది. అయితే అటవీశాఖ వాళ్లు కెమెరాలు కట్టేటప్పుడు వెంట వెళ్లే అవకాశం దొరికితే వదలకండి. అక్కడ తప్పులు ఎలా జరుగుతాయో చూడాలి. కెమెరా మోకాలి ఎత్తులో ఉండాలి. ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగిన ప్రతిసారీ ఫొటో తీసి రెండు రోజుల్లో కార్డు నింపేస్తుంది. తూర్పుకో పడమరకో తిప్పి కడితే పొద్దున సాయంత్రం ఎండ పడి బొమ్మ తెల్లబోతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు గడియారం. బ్యాటరీలు తీసి వేసినప్పుడు కొన్ని కెమెరాల్లో తేదీ మొదటికి వెళ్లిపోతుంది, ఎవరూ చూసుకోరు. నెల తర్వాత కార్డు తీస్తే పులి ఎప్పుడో పదేళ్ల కింద నడిచినట్టుంటుంది. కట్టిన ప్రతిసారీ తేదీ, టైము రాసిన పలకను కెమెరా ముందు పట్టుకుని ఒక ఫొటో పడనిస్తే, తర్వాత తేడా తెలిసినా సరిదిద్దుకోవచ్చు.

దుప్పులు, కణితుల (సాంబర్ జింకల) సాంద్రత లెక్కిద్దామని లైన్ ట్రాన్సెక్టు పెట్టుకునేవాళ్లు ఎక్కువ. పద్ధతి మంచిదే. 2 కిలోమీటర్ల తిన్నని గీత మీద పొద్దున్నే నెమ్మదిగా నడుస్తారు. జంతువు కనబడగానే గుంపులో ఎన్ని ఉన్నాయి, ఎంత దూరంలో, ఏ దిక్కులో అన్నవి రాస్తారు. గీత 40 డిగ్రీల దిక్కుగా సాగుతోందనుకోండి. దుప్పుల గుంపు 70 డిగ్రీల్లో, 60 మీటర్ల దూరంలో ఉంది. రెండు దిక్కుల తేడా 30. సైన్ 30 అంటే సగం. అంటే గీతకు గుంపు ఉన్న లంబదూరం 30 మీటర్లు. సాంద్రత అంతా ఈ లంబదూరాల మీదే ఆధారపడుతుంది. అందుకే కోణాన్ని ‘ఓ 30 ఉంటుందిలే’ అని రాశారా, లెక్క మొత్తం వంకర తిరుగుతుంది. దుప్పి మనల్ని చూసి పరిగెత్తి ఆగినచోటికి దూరం కొలవడం ఇంకో తప్పు. మొదట ఎక్కడ కనబడిందో అక్కడికే కొలవాలి. ఎద్దులబండి బాట మీద నడిచి దాన్నే గీత అనడం మూడోది. బాటలు నీళ్లున్నచోటికి, చదునుగా ఉన్నచోటికి పోతాయి, జంతువులూ అక్కడే ఎక్కువ తిరుగుతాయి.

చిక్కెక్కడంటే, ఈ పద్ధతిలో నమ్మదగ్గ సాంద్రత రావాలంటే ఒక్కో జాతికి 60 నుంచి 80 సార్లు కనబడాలి. నల్లమల లాంటి ఎండు అడవిలో ఒక మనిషికి ఒక్క సెమిస్టరులో కణితి అన్నిసార్లు కనబడడం కష్టం. చివరికి 11 దుప్పి గుంపులు, 3 కణితులతో సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని ఏడ్చే విద్యార్థులు ప్రతి ఏడూ ఉంటారు.

మా సలహా పక్షులు. పశువులు మేసేచోట, మేయనిచోట పక్షుల్లో తేడా ఏమిటన్నది మీరు ఒక్కరే పూర్తిచేయగల ప్రశ్న. 24 బిందువులు ఎంచుకోండి, 12 మేత ఉన్నచోట, 12 లేనిచోట. ఒకదానికొకటి కనీసం 200 మీటర్ల దూరం ఉండాలి, లేదంటే అదే పక్షిని రెండుచోట్ల లెక్కపెడతారు. ఒక్కో బిందువు దగ్గర 10 నిమిషాలు నిలబడి, 50 మీటర్ల లోపల చూసినవీ విన్నవీ రాయండి. ఒక్కో బిందువుకు నాలుగుసార్లు వెళ్తే మొత్తం 96 లెక్కలు. రోజుకు ఆరు చేస్తే 16 ఉదయాల పని. నాలుగుసార్లు ఎందుకంటే, ఒకసారి వెళ్లినప్పుడు పక్షి కనబడలేదంటే అది లేనట్టు కాదు. మళ్లీమళ్లీ వెళ్లి చూస్తేనే ‘లేదు’కీ ‘కనబడలేదు’కీ తేడా తేలుతుంది. ఇందులో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఊరికి దగ్గరని మేత బిందువులన్నీ ఆరింటికే పూర్తిచేసి, లోపలివి తొమ్మిదింటికి చేస్తారు. అప్పటికి ఎండెక్కి పక్షులు గొంతు తగ్గిస్తాయి. ఆ తేడాని మేత తేడా అనుకుని రిపోర్టు రాసేస్తారు. కాబట్టి వెళ్లే వరస రోజూ మార్చండి. 12 బిందువులూ ఒకే వాగు ఒడ్డున పెట్టడం కూడా అలాంటిదే. అప్పుడు మీరు కొలిచేది మేతనా, వాగునా?

బైనాక్యులర్స్ 8×42వి చాలు. 10 రెట్లవి కొత్త చేతుల్లో వణుకుతాయి. జనవరి మొదటివారం అంతా లెక్కపెట్టకుండా గొంతులు పట్టుకోవడానికే వాడుకోండి. మొదటి రోజుల్లో తెలియని పక్షులు, చివరి రోజుల్లో తెలిసిన పక్షులైతే ఎండాకాలంలో జాతులు పెరిగినట్టు దొంగ ఫలితం వస్తుంది.

రాసినది ఏ రోజుకారోజు సాయంత్రమే కంప్యూటరులోకి ఎక్కించాలి. ఒకే జంతువుకు ఒకచోట చీతల్, ఒకచోట స్పాటెడ్ డీర్, ఇంకోచోట దుప్పి అని కొడితే సాఫ్ట్‌వేర్ వాటిని మూడు జాతులుగా లెక్కపెడుతుంది. జీపీఎస్ అంకెలు డెసిమల్ డిగ్రీల్లోనే, అక్షాంశం ముందు రేఖాంశం తర్వాత రాయండి. ఆత్మకూరు దాదాపు 15.9 ఉత్తరం, 78.6 తూర్పు. ఈ రెండూ తారుమారైతే మీ పిచ్చుక ఉత్తరధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ మంచులో వాలుతుంది. మ్యాపు వేసి చూస్తే ఇలాంటివి ఒక్క నిమిషంలో బయటపడతాయి. దానికి క్యూజీఐఎస్, లెక్కలకు ఆర్, రెండూ ఉచితమే. ఇప్పటి నుంచి ఆరో సెమిస్టరు మొదలయ్యేలోపు ఆర్‌లో ఒక ఫైలు తెరిచి, సగటు తీసి, గ్రాఫు గీసి, ఒక రిగ్రెషన్ (ఒక అంశాన్ని బట్టి ఇంకొకటి ఎంత మారుతోందో చూసే లెక్క) నడిపే మాత్రం నేర్చుకోండి. జువాలజీ పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది స్టాటిస్టిక్స్ దగ్గరే. ఇంగ్లిషు గురించి బెంగపెట్టుకునేవాళ్లు కూడా నిజానికి ఇక్కడే ఆగిపోతారు.

పక్షులు వద్దు, మనుషులతో పని ఇష్టమంటే పశునష్టం మీద సర్వే చేయవచ్చు. ఇందులో మీకున్న బలం బయటి నుంచి వచ్చే పరిశోధకులకు లేదు. మీకు భాష వచ్చు, వరస కలిపి మాట్లాడడం వచ్చు. చెంచుగూడెంలో ఎవరింటి ముందు ఎలా కూర్చోవాలో కూడా చెప్పించుకోనక్కర్లేదు. ‘పులి వల్ల మీకు ఇబ్బందా?’ అని అడిగితే అటవీశాఖ మనిషేమోనని ‘ఏం లేదమ్మా’ అంటారు, లేదా పరిహారం వస్తుందేమోనని ఎక్కువ చెబుతారు. ‘పోయిన ఉగాది నుంచి ఇప్పటిదాకా ఎన్ని పశువులు పోయాయి? ఏవి? ఎక్కడ? రోగానికెన్ని?’ అని అడిగితే మనిషి వేళ్లమీద లెక్కపెట్టడం మొదలుపెడతాడు. తేదీలు గుర్తుండవు, పండగలు గుర్తుంటాయి. రోగం ప్రశ్న తప్పకుండా ఉండాలి. గాలికుంటుతో పోయినవాటి పక్కన పెట్టి చూస్తేనే పులి పద్దు అర్థమవుతుంది. బీట్ ఆఫీసరును వెంటబెట్టుకుని వెళ్లకండి. కాగితం మీద పేర్లకు బదులు నంబర్లు వేయండి.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన భయాన్ని కొట్టిపారేయకండి, కొన్నింటికి జవాబులున్నాయి, కొన్నింటికి జాగ్రత్తలున్నాయి. అటవీశాఖలో మహిళా బీట్ ఆఫీసర్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, అలాంటివారి పరిధిలో వేయమని అడగండి. బస ఎక్కడ, మరుగుదొడ్డి ఉందా, మరో అమ్మాయి ఉంటుందా, ఫోను సిగ్నల్ ఎక్కడ అందుతుంది, ఈ నాలుగూ ముందే కనుక్కోండి. మొదటిరోజు ఆయన్నే దింపి రమ్మనండి. రోజూ సాయంత్రం ఒక టైముకు ఇంటికి ఫోను, రాకపోతే ఎవరికి చేయాలో ఆయన దగ్గర రెండు నంబర్లు. ఆయన భయమంతా పులి గురించే అయితే, నల్లమలలో కాలినడకన తిరిగేవాళ్లు ఎలుగుబంటికి ఎక్కువ భయపడాలని చెప్పండి (ఇది విని ఇంకా భయపడతారేమో!). ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద ఎలుగులు ఉంటాయి. వెలుతురు బాగా వచ్చాకే బయలుదేరాలి, వాచరు ముందు నడవాలి, ఒంటరిగా అడుగు పెట్టకూడదు. ప్యాంటు కొసలు సాక్సులో దోపుకుని, సాయంత్రం స్నానానికి ముందు పిడుదులు పట్టాయేమో ఒళ్లంతా చూసుకోండి. ఏప్రిల్లో మనిషికి 3 లీటర్లకు తక్కువ నీళ్లు మోయవద్దు. పాము కరిస్తే గాటు పెట్టడం, తాడు కట్టడం వద్దు. కాలు కదపకుండా యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి పోవాలి. ఆ ఆసుపత్రి ఏదో మొదటిరోజే తెలుసుకోండి.

కోర్సుల సంగతికొస్తే, పేరులో ‘కన్జర్వేషన్’ ఉందా లేదా అన్నది చూడకండి. డిజర్టేషన్ (కోర్సు చివర్లో చేసే సొంత పరిశోధన) ఎన్ని నెలలు, ఫీల్డు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, అనుమతి ఎవరు తెస్తారు, ఇవి చూడండి. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో వైల్డ్‌లైఫ్ సైన్స్ ఎమ్మెస్సీ ఉంది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్ ఎమ్మెస్సీ 2004 నుంచి నడుస్తోంది. రెండేళ్లకోసారి, అదీ ఓ పదిహేను మందిని తీసుకోవడం దాని పద్ధతి, కాబట్టి నోటిఫికేషన్ జారిపోతే రెండేళ్లు ఆగాలి. ఈ రెండింటికీ పోటీ గట్టిగా ఉంటుంది. వీటి మీదే ప్రాణం పెట్టుకుని ఏడాది ఖాళీగా కూర్చోవద్దు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో వైల్డ్‌లైఫ్ సైన్సెస్, తమిళనాడులో మయిలాడుతురై దగ్గర ఏవీసీ కాలేజీలో, ఊటీ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీలున్నాయి. ఊటీలో కాలేజీ గేటు దాటితే నీలగిరి అడవులే. పాండిచ్చేరి యూనివర్సిటీలో ఎకాలజీ, సీయూఈటీ పీజీ ప్రవేశపరీక్ష ద్వారా చేరవచ్చు. జంతువుల జన్యువుల వైపు మనసుంటే హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ఉంది. అది ల్యాబు, ఎమ్మెస్సీ కాలేజీ కాదు, ప్రాజెక్టు పనికోసం రాయాలి. ఇవేవీ కుదరకపోతే దగ్గర్లో మామూలు జువాలజీ ఎమ్మెస్సీ చేసినా నష్టం లేదు, డిజర్టేషన్ మాత్రం అడవిలో చేయనిచ్చే గైడు దొరకాలి. చేరకముందే ఆయన్ను కలవండి, చేరాక కలిస్తే చేపల చెరువు ప్రాజెక్టు అంటగట్టేస్తారు.

గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్‌కు ‘ఈవై’ పేరుతో విడిగా పేపరుంది. డిగ్రీ మూడో ఏడులోనే రాయవచ్చు. ర్యాంకు రాకపోయినా ఆ సిలబస్ చదివితే డెహ్రాడూన్, బెంగళూరు కోర్సుల పరీక్షలకు సగం తయారైనట్టే.

ఇంగ్లండులో ఏడాది ప్లేస్‌మెంటు (చదువులో భాగంగా బయటి సంస్థలో చేసే పని) ఉన్నది ఎక్కువగా డిగ్రీ కోర్సులకు, నాలుగేళ్లలో మూడో ఏడు అది. మీ అన్నయ్య చెబుతున్నది దాని గురించే అయి ఉంటుంది. ఎమ్మెస్సీ సాధారణంగా ఏడాదే, అందులో ప్లేస్‌మెంటు ఉన్నా కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. సంరక్షణ సంస్థల ప్లేస్‌మెంట్లు చాలావరకు జీతం లేనివి. చదువయ్యాక పనికి వీలిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. అక్కడ కొత్తవాళ్లకు దొరికే ఎకాలజీ ఉద్యోగాలు ఎక్కువగా కట్టడాలకు ముందు గబ్బిలాలు, న్యూట్‌ల (తోక ఉండే, కప్పల జాతి చిన్న జీవులు) సర్వే చేసే కన్సల్టెన్సీల్లో ఉంటాయి, డ్రైవింగ్ లైసెన్సు లేకుండా పిలవడం తక్కువ. అప్పు చేసి వెళ్లే చదువు కాదని మా అభిప్రాయం. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే అప్పుడు ఆలోచించండి.

జీతం సంగతి నాన్నగారు అడుగుతారు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, పైన ఇంటద్దె. స్వచ్ఛంద సంస్థల్లో మొదటి ఉద్యోగం దీనికన్నా తక్కువే, పైగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. స్థిరమైన ఉద్యోగమే కావాలంటే ఇదే చదువుతో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరు పరీక్ష, యూపీఎస్సీ ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) రాయవచ్చు. ఐఎఫ్ఎస్ మెయిన్స్‌లో జువాలజీ ఆప్షనల్ ఉంది.

ఈ నెలలో చేయాల్సింది దరఖాస్తు. అనుమతికి నెలలు పడుతుంది, డిసెంబరులో మొదలుపెట్టి డిసెంబరులోనే కావాలంటే రాదు. ఒక పేజీలో ప్రశ్న, చోటు, తేదీలు, పద్ధతి రాయండి. జంతువును పట్టనని, ముట్టనని, నమూనాలు తీయనని స్పష్టంగా ఒక వాక్యం పెట్టండి, ఎందుకంటే పట్టుకోవడం ఉంటే అది 12వ సెక్షన్ కిందికి పోతుంది, చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువైతే కేంద్రం అనుమతికి ఢిల్లీ దాకా వెళ్తుంది. జతగా ప్రిన్సిపాల్ సంతకంతో కాలేజీ లెటరు, బోనఫైడ్, ఆధార్ కాపీ, తల్లిదండ్రుల అంగీకార పత్రం, పని పూర్తయ్యాక రిపోర్టు, డేటా శాఖకు ఇస్తానన్న హామీ. ఆత్మకూరు డివిజన్ ఆఫీసులో స్వయంగా ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రెండు వారాలకోసారి ఆ కాపీ పట్టుకెళ్లి ఫైలు ఎక్కడుందో అడగండి. నవంబరు ఆఖరుకీ రాకపోతే అదే 24 బిందువుల పథకాన్ని అభయారణ్యం బయట, మీ చుట్టుపక్కల చెరువుల గట్ల మీద, జొన్న, శనగ చేల మధ్య నడపండి. సాగునీరు అందే చేలు 12, మెట్ట చేలు 12. దానికి రైతు ‘సరేనమ్మా’ అంటే చాలు.